కాఫీ తాగని టీచరు గారు

మా గోదావరి జిల్లాల్లో ఇంటికొచ్చిన మనిషి కాఫీ వద్దన్నాడంటే దానికి మూడే కారణాలుంటాయి. ఒకటి, వస్తూ వస్తూ పక్కింట్లో తాగేసి వచ్చాడు. రెండు, షుగరు. మూడు, మన మీద ఏదో మనసులో పెట్టుకున్నాడు. మొదటి రెండూ అయితే నోటితో చెప్పేస్తాడు. ఏమీ చెప్పకుండా చెయ్యి అడ్డంపెట్టి "వద్దండి" అని ఊరుకున్నాడంటే అది కచ్చితంగా మూడోదే. నాకు యాభై అయిదేళ్ళు వచ్చేదాకా ఈ లెక్క ఎప్పుడూ తప్పలేదు. టీచరు గారు వచ్చి తప్పించారు.

ఆవిడ పోయి నెల దాటింది. కబురు తెలిసి కొవ్వూరు వెళ్ళి వచ్చాను. ఆ తరువాత పెళ్ళిళ్ళ పనుల్లో పడి, నిజం చెప్పొద్దూ, ఆవిడ సంగతే మరిచిపోయాను. నిన్న పొద్దున మహాసభల కార్యదర్శి గారు ఫోన్ చేశారు.

"ఏవండీ, ఈ ఏడు తెలుగు మహాసభలు మళ్ళీ మన రాజమండ్రిలోనేనండి. మూడు రోజులు. స్టేజీ, షామియానాలూ, కుర్చీలూ అన్నీ మీరే చూసుకోవాలి. ఒక్క మాటండీ. టీచరు గారు పాపం పోయారు గదా. ఇంక ఆ ర్యాంపూ అవీ దేనికండీ? స్టేజి మునుపట్లా నాలుగడుగులు లేపేద్దాం. నిండుగా ఉంటుంది."

నేను అక్కడికక్కడే కుదరదని చెప్పాల్సింది. "చూసి చెబుతానండి" అని పెట్టేశాను. పెట్టేసిన దగ్గర్నుంచి నా మీద నాకే కోపంగా ఉంది. ఆవిడే ఉంటే ఈ జవాబుకి పదికి రెండు మార్కులు వేసేవారు.

మాది రాజమండ్రిలో సప్లయ్ కంపెనీ. మా తాత వంటపాత్రలు అద్దెకిచ్చేవాడు, మా నాన్న షామియానాలు చేర్చాడు, నేను స్టేజీలూ లైట్లూ చేర్చాను. మా సామాను వాడిన ఏ పందిట్లోనూ అతిథి నొచ్చుకుని వెళ్ళాడన్న మాట మూడు తరాల్లో పడలేదని నాకు పెద్ద గొప్ప. ఆ గొప్ప మీద మొదటి దెబ్బ కొట్టింది ఆవిడే.

మూడేళ్ళ కిందట, అప్పటి సభలు ఇంకా నెల ఉన్నాయనగా, ఒక మధ్యాహ్నం మా కొట్టు ముందు ఆటో ఆగింది. నేను ఫోన్‌లో ఎవరితోనో గొడవపడుతున్నాను. పెట్టేసి తలెత్తేసరికి ఒక నడివయసు ఆవిడ, కళ్ళజోడు, నేత చీర, చక్రాల కుర్చీలో కూర్చుని దర్జీవాళ్ళ టేపు చివర తాళంచెవి కట్టి కిందికి వదిలి, మా కొట్టు మెట్టు ఎత్తు కొలుస్తున్నారు.

"తొమ్మిదంగుళాలండి" అన్నారు, నేనేదో అడిగినట్టు. "ముసలివాళ్ళు మీ కొట్టుకి రారా?"

"ఎందుకు రారండీ, వస్తారు."

"ఎక్కుతారా, కిందనుంచే కేకేస్తారా?"

ఆలోచిస్తే కిందనుంచే కేకేస్తారు. వాళ్ళకి తొందరేమో అనుకునేవాణ్ణి ఇన్నాళ్ళూ. గబగబా దిగివచ్చి, అలవాటుకొద్దీ "రండి, కూర్చోండి" అని నోరు జారాను.

"కూర్చునే వచ్చానండి" అన్నారు ఆవిడ. నేను నవ్వుతానా లేదా అని కళ్ళజోడు పైనుంచి చూశారు. ముందు నాలుక కరుచుకున్నాను, తరువాత నవ్వేశాను. అప్పుడు ఆవిడ కూడా నవ్వారు. కొవ్వూరు దగ్గర హైస్కూల్లో లెక్కల టీచరునని చెప్పారు.

కాఫీ తెప్పించాను. వద్దన్నారు. టీ? వద్దు. మజ్జిగ? వద్దండి. కొబ్బరిబోండాం కొట్టిస్తానన్నాను. "వద్దన్నాను గదండీ" అన్నారు, క్లాసులో పిల్లాడితో అన్నట్టు. షుగరా అంటే కాదు. ఎక్కడైనా తాగి వచ్చారా అంటే లేదు. ఇంకేం, మూడో కారణమే. ఏం మనసులో పెట్టుకున్నారో ఆవిడే చెబుతారని చూశాను. చెప్పారు.

"మీరు నన్ను మర్చిపోయినట్టున్నారు. రెండేళ్ళ కిందటి సభల్లో నన్ను స్టేజి ఎక్కించింది మీరేనండి."

అప్పుడు గుర్తొచ్చింది. ఆ సభల్లో ఉపాధ్యాయులకి సన్మానం జరిగింది. నాలుగడుగుల స్టేజి. నలుగురం కలిసి ఆవిణ్ణి కుర్చీతో సహా ఎత్తి పైన పెట్టాం. హాలంతా చప్పట్లు. మరునాడు పేపర్లో ఫోటో పడింది. దాన్ని కత్తిరించి మా కొట్టు గోడకి అంటించుకున్నాను కూడాను. "ఇప్పటికీ ఉందండీ" అని సంబరంగా చూపించబోయాను.

"ఎడమ వెనక చక్రం మీరు పట్టుకున్నారు" అన్నారు ఆవిడ. "నా పమిట జారింది. సర్దుకుందామంటే రెండు చేతులతో కుర్చీని పట్టుకుని ఉన్నాను. వదిలితే పడతాను. ఆ ఫోటో మా స్కూల్లో నోటీసుబోర్డుకి పెట్టారు. పిల్లలు గౌరవంగానే చూశారండి. నేనే వారం రోజులు ఆ బోర్డు వైపు వెళ్ళలేకపోయాను."

గోడ వైపు చూశాను. ఫోటోలో నేను పళ్ళికిలిస్తున్నాను. రెండేళ్ళుగా రోజూ నా మొహమే చూసుకున్నాను తప్ప, నడుమ ఉన్న ఆవిడ మొహం ఏనాడూ చూడలేదు. ఆ సాయంత్రమే దాన్ని తీసేశాను.

"మా నాన్న గోదాట్లో పంటు మీద సరంగండి. చేపలవాళ్ళం మేము, ఆ తరవాత ఆయన పంటు నడిపాడు. వంతెన లేని రేవుల్లో లారీల్ని కూడా పంటు మీద దాటించేవారు, మీకు తెలుసుగా. లారీని ఎవరైనా ఎత్తి పెడతారాండీ? రేవు నుంచి పంటు మీదికి బల్లలు వేస్తారు. దాని చక్రాల మీద అదే ఎక్కుతుంది. నన్ను కూడా మొయ్యకండి. బల్ల వెయ్యండి."

నెలలో జరగబోయే ఆ సభల్లో మూడో రోజు మధ్యాహ్నం అష్టావధానం ఉంది. అందులో అప్రస్తుత ప్రసంగానికి ఆవిణ్ణి పృచ్ఛకురాలిగా పిలిచారు. అంటే అవధాని గారు పద్యం అల్లుకుంటుంటే మధ్యలో సంబంధం లేని ప్రశ్నలేసి ఆయన్ని చికాకు పెట్టే పని. పిలిచినవాళ్ళు మనిషిని ఎరిగే పిలిచారనుకున్నాను. ఆవిడకి మాత్రం తన ప్రశ్నల మీద కంటే ధారణ మీద ఆశ. అవధానంలో పద్యాలన్నీ ముక్కలు ముక్కలుగా, ఒక్కొక్క పాదంగా వస్తాయి. చిట్టచివర అవధాని గారు అన్నిటినీ కూడదీసి మొదటినుంచి గడగడా అప్పజెబుతారు. అదే ధారణ. అది వినకుండా వచ్చెయ్యడమంటే పెళ్ళికి వెళ్ళి తాళి కట్టకముందే వచ్చెయ్యడం.

"పదిహేనేళ్ళ నుంచి అవధానాలకి వెళ్తున్నానండి. ఒక్క ధారణ వినలేదు. ఈసారి విని తీరాలి."

"అదేంటండీ, ఎందుకు వినలేదు?"

"మధ్యలో వెళ్ళిపోవాల్సొచ్చేది" అని, సంచీలోంచి ఒక కాగితం తీసి నా చేతిలో పెట్టారు. గుండ్రటి అక్షరాలు. పైన "అన్ని ప్రశ్నలకు సమాధానములు వ్రాయవలెను" అని రాసి ఉంది. ర్యాంపు ఎంత వాలు ఉండాలో, కుర్చీల వరసల మధ్య ఎంత జాగా ఉండాలో, బాత్రూము తలుపు ఎంత వెడల్పు ఉండాలో అంగుళాలతో సహా రాశారు. చూపు ఆననివాళ్ళకి కార్యక్రమం కాగితం పెద్ద అక్షరాల్లో అచ్చువేయాలట. వినిపించనివాళ్ళకి ఉపన్యాసం చేతులతో చెప్పే మనిషి స్టేజి పక్కన ఉండాలట. ఆహ్వానపత్రం అడుగున "రావడానికి మీకేం కావాలో ముందుగా ఈ నంబరుకి చెప్పండి" అని ఒక్క వాక్యం వేసి, మా కొట్టు నంబరు ఇవ్వాలట.

"మా నంబరెందుకండీ?"

"చెయ్యాల్సింది మీరే గదా" అన్నారు. ఆటో ఎక్కి వంతెన మీదుగా వెళ్ళిపోయారు. కాఫీ గ్లాసు మెట్టు మీద చల్లారిపోయింది.

తరువాతి ఆదివారం సభల కమిటీ మీటింగుకి టీచరు గారూ వచ్చారు. కార్యదర్శి గారు మంచి మనిషే. ఆయనకి స్టేజి ఎత్తు అంటే సభ ఎత్తు. స్టేజి రెండడుగులు చాలని ఆవిడ అనేసరికి ఆయన మొహం వాడిపోయింది.

"మేం నలుగురం లేమా టీచరు గారూ? మిమ్మల్ని పువ్వుల్లో పెట్టి ఎక్కిస్తాం గదండీ" అన్నారు.

"పువ్వుల్లో పెట్టేది దేవుణ్ణండి. నేను పృచ్ఛకురాల్ని."

"అలా కాదండీ. నాలుగడుగులకే ర్యాంపు వేయిస్తే సరి గదా?"

"వేయించండి. అడుగు ఎత్తుకి పన్నెండడుగుల బల్ల. నాలుగడుగులకి నలభై ఎనిమిది. మీ హాలు దాటి వంటల దగ్గరికి వెళ్తుంది. అక్కణ్ణుంచి బయల్దేరి నేను స్టేజి మీదికొచ్చేసరికి భోజనాలు వడ్డించేస్తారు. రెండడుగులైతే ఇరవై నాలుగు. మధ్యలో ఒక మలుపు తిప్పితే మూలకి సర్దుకుంటుంది."

"మరి వెనకవాళ్ళకి కనిపించొద్దా?"

"వెనక రెండు పెద్ద టీవీలు పెడుతున్నామని ఇందాక మీరే చెప్పారు గదండీ."

అందరూ నవ్వారు. కార్యదర్శి గారు సాయం కోసం నా వైపు చూశారు. పాతికేళ్ళ స్నేహం మాది. "రెండడుగులే వేస్తానండి" అన్నాను. ఆయన ఆ రోజు నాతో మాట్లాడకుండానే స్కూటరెక్కారు.

అచ్చయిన ఆ ఒక్క వాక్యం చూసి జనం ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. అమలాపురం నుంచి చూపు లేని వకీలు గారొకాయన, "నాకేం అక్కర్లేదండి, గేటు దగ్గర ఎవరో ఒకరు నిలబడి ఎన్ని మెట్లో చెబితే చాలు" అన్నారు. రావులపాలెం అరటి మార్కెట్టులో పనిచేసే ఒకాయన, "మా ఆవిడకి వినిపించదండి, చేతులతో చెప్పేవాళ్ళుంటారని రాశారు, నిజమేనాండీ?" అని మూడుసార్లు అడిగాడు. ఇన్నేళ్ళూ వీళ్ళంతా ఎక్కడున్నారా అనుకున్నాను. ఇళ్ళల్లో ఉన్నారు. మనం అడగలేదు, వాళ్ళు రాలేదు.

సభల ముందురోజు ఆవిడ పరీక్షకి వచ్చారు. హాల్లో ముందు వరస మూలన కార్యదర్శి గారు "దివ్యాంగులకు ప్రత్యేకం" అని బోర్డు పెట్టించి చుట్టూ తాళ్ళు కట్టించారు. ఎవరూ తోసుకోకుండా అట. ఆవిడ తాడు పట్టుకుని చూసి, "మేమేమైనా పారిపోతామాండీ?" అన్నారు. నేనే వెళ్ళి విప్పించాను. వరస వరసకీ ఒక చివర కుర్చీ తీయించి, ఎవరికి ఎక్కడ కావాలంటే అక్కడ కూర్చునేట్టు చేశాం. 

అప్పుడు ర్యాంపు దగ్గరికొచ్చి సంచీలోంచి నిమ్మకాయ తీశారు. మా వడ్రంగి మేస్త్రి వెంటనే చెప్పులు విప్పి చేతులు కట్టుకున్నాడు.

"దిష్టి తీస్తున్నారనుకుంటానండి" అన్నాడు నా చెవిలో.

ఆవిడ నిమ్మకాయని ర్యాంపు మీద పెట్టి వదిలారు. అది దొర్లుకుంటూ మలుపు దాకా వచ్చింది. మలుపు దగ్గర చదును బల్ల మీద నెమ్మదించి ఆగింది. రెండో ముక్క మీద పెట్టారు. అది పరుగెత్తి కిందపడి కుర్చీల కిందికి పోయింది.

"మేస్త్రి గారూ, పైముక్క బావుంది. కింది ముక్క ఎక్కువ వాలింది. ఎంత వేశారు?"

"ఆయ్, సుమారుగా పన్నెండడుగులేనండి."

"ఆ సుమారు అన్నచోటే నేను పడతానండి."

టేపు పెడితే పదిన్నర ఉంది. అతను కిక్కురుమనకుండా విప్పి మళ్ళీ బిగించాడు. మూడోసారికి గానీ ఆవిడ తలూపలేదు. బాత్రూము అప్పటికింకా తయారవలేదు. సభలు జరిగే కల్యాణ మండపంలో ఉన్నవాటికి మెట్లూ, సన్న తలుపులూ. అందుకని పక్కన చెక్కతో ఒకటి కడుతున్నాం, పైపులు బిగించడం మిగిలిపోయింది. "కాగితంలో ఉన్నట్టే చేయిస్తానండి" అని ఆవిణ్ణి పంపేశాను. రాత్రికి మేస్త్రి అయిందన్నాడు. ఆడవాళ్ళ బాత్రూములోకి మగవాణ్ణి నేను తొంగిచూడడమేమిటని చూడలేదు. అది నేను చేసిన తప్పు. 

మొదటి రోజు పొద్దున ఎనిమిదింటికే వచ్చారు. ర్యాంపు ఒకసారి ఎక్కి దిగి, "పదికి తొమ్మిది" అన్నారు. నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. కాఫీ తెచ్చాను. వద్దన్నారు. సరే, ఇంకా మనసులో ఉందన్నమాట అనుకున్నాను. పన్నెండయ్యేసరికి గేటు దగ్గర ఆటో. కుర్చీ మడిచి వెనక కడుతున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఇదేంటండీ టీచరు గారూ! స్టేజి దింపించారు, తాళ్ళు విప్పించారు, కార్యదర్శి గారికీ నాకూ మాటల్లేకుండా చేశారు. అంతా చేసి మధ్యాహ్నం కాకుండా మీరే వెళ్ళిపోతే ఎలాగండీ?" అనాల్సినదానికంటే గట్టిగానే అన్నాను. నలుగురూ తిరిగి చూశారు.

"బాత్రూముకి గడప ఉందండి" అన్నారు ఆవిడ.

"గడపా?"

"రెండంగుళాలు. కుర్చీకి ముందు చక్రాలు చిన్నవి, ఎక్కవు. పొద్దున్నే చూసుకున్నాను. నిన్న రాత్రి నుంచి గుక్కెడు నీళ్ళు తాగలేదు నేను. బయటికెళ్ళే రోజు తాగనండి. కాఫీ అసలే తాగను. ఎక్కడికెళ్ళినా పన్నెండు దాకా ఓర్చుకుంటాను. ఆ తరవాత ఇంటికెళ్ళిపోవాలి. ధారణలన్నీ అలా పోయాయండి."

నెల రోజులుగా ఆవిడ నా కాఫీ తాగలేదని నేను నొచ్చుకుంటున్నాను. పదిహేనేళ్ళుగా ఆవిడ దాహంతో సభలు వింటున్నారు. మూడు తరాల మర్యాద అంటానే, అడిగి అడిగి కాఫీ పోయడమే తెలుసు గానీ, ఆ కాఫీ తాగిన మనిషి ఆ తరువాత ఎక్కడికి వెళ్ళాలన్నది నా బుర్రకి తట్టనే లేదు. సిగ్గుతో కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఆటో అతను కూడా చూశాడు.

"రేపటికి గడప ఉండదండి" అన్నాను.

"వచ్చి కొలుస్తాను" అన్నారు. "బాత్రూముకి ఇవాళ సున్నా."

మేస్త్రిని పట్టుకుని దులిపేశాను. అతను నొచ్చుకున్నాడు.

"గడప లేని గుమ్మం ఇంతవరకూ నా చేత్తో పెట్టలేదండీ బాబూ. పైగా నీళ్ళు బయటికొచ్చేత్తాయి. టీచరు గారి కోసమని టేకు చెక్క ఏరి మరీ వేశానండి."

వెళ్ళి చూశాను. నిజమే. పందిట్లో తను పెట్టిన మిగతా గుమ్మాలన్నిటికీ నాసిరకం చెక్క వేసి, ఆ ఒక్కదానికీ నున్నగా చిత్రికపట్టిన టేకు గడప వేశాడు. అతన్ని ఇంకేమనగలను? నేను నలుగురితో కుర్చీ ఎత్తించినవాణ్ణి. అతను టేకు గడప వేసినవాడు. ఇద్దరిదీ ఒకటే గౌరవం, ఆవిడకి దారి లేకుండా చేసింది.

ఆ సాయంత్రమే గడప కోసేశాం. రెండో రోజు ఆవిడ వచ్చి మేస్త్రి నీళ్ళ గొడవ సావధానంగా విన్నారు. "మీరన్నది నిజమే, నీళ్ళు బయటికి రాకూడదు" అన్నారు. "గుమ్మం వైపు నేల పిసరంత లేపండి. మీరే చూసుకోండి" అని నిమ్మకాయ అతని చేతికిచ్చారు. మేస్త్రి నేల మీద మోకాళ్ళూని, చెక్కముక్కలు దూరుస్తూ, నిమ్మకాయ వదులుతూ, గంటసేపు తంటాలు పడ్డాడు. చివరికి అది గుమ్మం దగ్గర బయల్దేరి, తాపీగా లోపలికి దొర్లి, నీళ్ళు పోయే చిల్లు దగ్గర ఆగింది. అతను పిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. ఆవిడ లోపలికి వెళ్ళి తలుపు వేసుకుని, తలుపు తీసుకుని బయటికొచ్చారు. మార్కులేమీ చెప్పలేదు. ఆ పూట కూడా కాఫీ తాగలేదు. నమ్మకం ఒక్కరోజులో రాదు గదా అనుకుని నేనూ అడగలేదు.

మూడో రోజు. అవధానం మూడింటికి. రెండున్నరకి నేను లైట్లు చూసుకుంటున్నాను. వెనకనుంచి క్లాసు గొంతు వినిపించింది.

"ఏవండీ, మీ కాఫీ ఏదీ?"

నేను పరుగెత్తాను. ఎందుకైనా మంచిదని మా ఇంటావిడ చేత పెట్టించి మూడు రోజులుగా ఫ్లాస్కులో తెప్పిస్తున్నాను. స్టీలు గ్లాసులో పోసి ఇచ్చాను. ఊదుకుంటూ, కళ్ళజోడు మీద ఆవిరి పట్టినా తుడుచుకోకుండా, అడుగు దాకా తాగారు. గ్లాసు వెనక్కి ఇవ్వలేదు. నా వైపు చాపి, "ఇంకో అరగ్లాసు ఉంటుందాండీ?" అన్నారు.

నా జీవితంలో మంత్రులకి పందిళ్ళు వేశాను. మా వడ్డన బావుందని పెద్దపెద్దవాళ్ళు అన్నారు. ఆ అరగ్లాసు అడిగినప్పటి సంతోషం ఇంకెప్పుడూ రాలేదు.

అవధాని గారు, మిగతా పృచ్ఛకులు వచ్చి కూర్చున్నారు. ఆవిడ ర్యాంపు దగ్గరికి వచ్చి పమిట నడుముకి దోపుకున్నారు. రెండు చేతులతో చక్రాలు తిప్పుకుంటూ ఎక్కడం మొదలుపెట్టారు. కార్యదర్శి గారు ఉండబట్టలేక ముందుకొచ్చి కుర్చీ వెనక పట్టుకోబోయారు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"పడిపోతారేమోనండీ" అన్నారు ఆయన.

"పడరండి. కొలిచారు" అన్నాను.

మలుపు దగ్గర ఆగి ఊపిరి తీసుకున్నారు. హాలంతా నిశ్శబ్దం. ఆవిడ మైకు లేకుండానే, "మీరు మాట్లాడుకోండి, ఇంకా సగం ఉంది" అన్నారు జనంతో. జనం గొల్లుమన్నారు. ఆ నవ్వుల్లోనే మిగిలిన పన్నెండడుగులూ ఎక్కేసి, కుర్చీ తిప్పుకుని తన స్థానంలో నిలిపారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ ఎక్కినట్టే ఆవిడా ఎక్కారు.

అవధానం రసపట్టులో ఉండగా, అవధాని గారు కళ్ళు మూసుకుని పాదం వెతుక్కుంటుండగా ఆవిడ అందుకున్నారు. "అవధాని గారూ, మీ ఇంట్లో ఉప్మా మాడితే తప్పు పొయ్యిదా, పద్యానిదాండీ?" ఆయన కళ్ళు తెరవకుండానే, "పొయ్యి మీద పెట్టి పద్యం ఎత్తుకున్నవాడిదండి, అందుకే మా ఆవిడ నన్ను వంటింట్లోకి రానివ్వదు" అని, ఆ వెంటనే పాదం చెప్పేశారు. ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వారు.

మధ్యలో ఒకసారి విరామం ఇచ్చారు. ఆవిడ దిగారు. హాలు బయటికి వెళ్ళారు. నేను గడియారం చూసుకున్నాను. అయిదు నిమిషాల్లో వచ్చి మళ్ళీ ర్యాంపు ఎక్కారు. కింద నిలబడ్డ మేస్త్రి నా వైపు చూసి మీసం దువ్వుకున్నాడు.

ఆరు దాటాక ధారణ మొదలైంది. అవధాని గారు ఎక్కడా తడుముకోకుండా ఒక్కొక్క పద్యమే మొదటినుంచి చెబుతున్నారు. ఆవిడ కళ్ళు మూసుకున్నారు. చక్రం అంచు మీద వేళ్ళతో పాదాలు లెక్కపెట్టుకుంటున్నారు. నాలుగో వేలు, మళ్ళీ మొదటి వేలు. ఆఖరి పద్యం అయిపోయి హాలు చప్పట్లతో మోగిపోతుంటే, ఆవిడ మాత్రం నాలుగో వేలు అక్కడినుంచి తీయలేదు. తరువాత కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

దిగివచ్చాక అడిగాను, "పదికి ఎంతండీ?"

"తొమ్మిది."

"అదేంటండీ! ఆ ఒక్కటీ ఎక్కడ పోయింది?"

"పదీ ఇచ్చేస్తే వచ్చేసారి పని చెయ్యరు" అన్నారు.

ఆ తరువాత సభలు వేరే ఊళ్ళలో జరిగాయి. ఎక్కడ జరిగినా నెల ముందు నాకు ఫోన్ వచ్చేది. "బల్లలు పంపించండి. నేను వెళ్ళి కొలుస్తాను." పంపేవాణ్ణి. ఎవరిదైనా పెళ్ళికి పందిరి వేస్తున్నా సరే, స్టేజి కంటే ముందు బాత్రూము ఎక్కడని అడిగే అలవాటు నాకూ వచ్చేసింది. పెళ్ళివారు వింతగా చూస్తారు. చూడనీ.

కొవ్వూరులో ఆవిడ ఇంటికి నేను వెళ్ళింది ఆవిడ పోయినప్పుడు, ఆ ఒక్కసారే. ఏ గుమ్మానికీ గడప లేదు. ఆవిణ్ణి పాడె మీద తీసుకెళ్ళే వేళకి నలుగురు కావాల్సొచ్చారు. ఎడమ వెనక వైపు ఖాళీగా ఉంటే నేను వెళ్ళి భుజం పెట్టాను. ఆవిడకి తెలిస్తే ఒప్పుకునేవారు కారు. నడిచినంతసేపూ "మొయ్యకండి, మొయ్యకండి" అన్నట్టే ఉంది నాకు. రేవు దాకా ఏడుస్తూనే నడిచాను.

ఇదంతా రాత్రి కూర్చుని ఆలోచించుకుని, ఇవాళ పొద్దున కార్యదర్శి గారికి ఫోన్ చేశాను.

"స్టేజి రెండడుగులేనండి. ర్యాంపూ బాత్రూమూ ఉంటాయి. ఆహ్వానంలో ఆ వాక్యం, నా నంబరూ ఉంటాయి. నాలుగడుగులే కావాలంటే మీరు ఇంకో సప్లయ్ కంపెనీని చూసుకోండి."

"అంత మాటెందుకండీ" అన్నారు ఆయన. నిజంగానే అర్థంకాక అడిగారు. "టీచరు గారు లేరు గదా. ఇప్పుడు ఎవరి కోసం చెప్పండి?"

"కాఫీ వద్దనేవాళ్ళ కోసమండి."

"షుగరు వాళ్ళకా? వాళ్ళకి వేరే ఫ్లాస్కు పెడుతున్నాం గదండీ" అన్నారు.

ఫోన్‌లో చెప్పేది కాదు అది. సాయంత్రం వచ్చి మాట్లాడతానన్నాను. బల్లలు దుమ్ము దులిపి బయటపెట్టమని మేస్త్రికి కబురు చేసి, గోడౌనుకి వెళ్తూ దారిలో రెండు నిమ్మకాయలు కొన్నాను.